కైరోలో ఉన్న హన్నా

పదో తరగతి సగంలో మానేసినా హన్నాకి ఫోనులో రాని పని లేదు. అందుకే మామిడితోట యజమాని సువర్ణరాజుగారి భార్య పుష్పావతమ్మకి కైరో చూడాలన్న ముచ్చట పుట్టినప్పుడు, ఆ ప్రయాణం లెక్కలన్నీ ఇంట్లో పనిచేసే ఆ పిల్ల నెత్తినే పడ్డాయి.

“నువ్వూ రావాలే. నా మోకాళ్ళకి మందు ఎవరు రాస్తారు?” అంది పుష్పావతమ్మ. పాస్‌పోర్టు కూడా తీయించింది.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు హన్నాని నిలబెట్టి ప్రార్థన చేశారు. ఆమె తల్లి ఇన్నమ్మ ఆ తోటలోనే కూలి మనిషి. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మర్నాటి నుంచి కూలీల్లో ఆమె నడకే మారిపోయింది.

హన్నా మూడు నెలలు వెతికింది. నైలు నది కనిపించే గది, సొంతంగా ఒక కారు, పడవలో విందు. ముగ్గురికీ కలిపి పదకొండు లక్షలు తేలింది. తోటలో కాపుని పూత మీదే వ్యాపారికి అమ్మేస్తారు కాబట్టి, బేరం కాగానే టికెట్లు కొందామనుకున్నారు.

ఈ ఏడు పూతకి తేనెమంచు పురుగు పట్టింది. విస్సన్నపేట వ్యాపారి తోటంతా తిరిగి, ధరలో రెండు లక్షలు కోసేశాడు.

“ఎక్కడ తగ్గుతుందో చూడు” అంది పుష్పావతమ్మ.

హన్నా లెక్కల కాగితంలో పడవ విందు కొట్టేసింది. కారు తీసేసి బస్సు రాసింది.

“బస్సులో నేనా? ఇంకా నయం, నడిపించలేదు! రెండు లక్షలు ఎక్కడున్నాయో కనిపించట్లేదా నీకు? నీ పేరు కొట్టెయ్.”

హన్నా పెన్ను కదల్లేదు.

“పాపం, చర్చిలో చెప్పేసుకున్నారు కదే” అన్నారు సువర్ణరాజుగారు.

“అయితే వెళ్ళిందనే అనుకుంటారు. ఈ తొమ్మిది రోజులూ ఇంట్లోంచి బయటికి రాకు. కుక్కకి అన్నం పెట్టే మనిషీ దొరికినట్టుంటుంది. అది ఇష్టం లేదా, వెళ్ళి మీ అమ్మకి నువ్వే చెప్పుకో.”

హన్నా చెప్పలేకపోయింది. తన పేరు తనే కొట్టేసింది.

బయలుదేరే రోజు ఇన్నమ్మ కూతురి బ్యాగు మోసుకొచ్చి, గేటు దగ్గర ఇచ్చి పనికి పోయింది. కాసేపటికి వీధి తలుపుకి బయట తాళం పడింది. వీధి తలుపుకి బయట తాళం పడింది.

మూడో రోజు పొద్దున, ఇంటి పక్క వరుసలో చెట్లకి మందు కొడుతున్నారు. వంటింటి కిటికీ కింద ఇన్నమ్మ, తోటి కూలి సత్యవతి డ్రమ్ములోకి నీళ్ళు పోస్తున్నారు.

“మీ పిల్ల దిగిందంటనా?” అడిగింది సత్యవతి.

“ఆఁ, దిగారంట. అమ్మగారు ఫోటోలు పెట్టారని పాస్టరమ్మగారు చూపించింది. ఒక్కదాంట్లోనూ మా హన్నా లేదే!”

“ఎందుకుంటదొదినా? ఫోటోలు తీసేది అదే కదా!”

“అదే కదా మరి! నేనూ అదే అన్నా” అంటూ ఇన్నమ్మ పెద్దగా నవ్వింది.

మూసిన కిటికీ వెనక హన్నా కుక్క మూతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది. అది తోక ఊపుతూ విదిలించుకుంటోంది. ఇన్నమ్మ గొంతు దానికీ తెలుసు.