మంచం కింద నన్ను వెదకిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, బతికి మీ ముందు నిలబడతానని నేను అనుకోలేదు. నాకు ఆరేళ్ళప్పుడు గత్తర, అదే కలరా, వచ్చి మా అమ్మానాన్నలు ఒకే వారంలో పోయారు. బోధన్‌లో ఒక కుటుంబం వాళ్ళు సాదుకుంటామని నన్ను తీసుకుపోయారు, సాదుకున్న మాట నిజమే గానీ ఆ ఇంటాయన, ఆయన్ను నేను బాపు అనే పిలిచేదాన్ని, చక్కెర ఫ్యాక్టరీలో పని దిగి కల్లు తాగి వచ్చి, అన్నం చల్లారిందని ఒకనాడు, కాలిపోతున్నదని ఒకనాడు, చెరుకుగడతో వీపు పగలగొట్టేవాడు! సాయంత్రం ఫ్యాక్టరీ సైరన్ మోగిందంటే ఆయన వస్తున్నాడని నాకు ప్రాణాలు పోయేవి.

పదిహేడేళ్ళు రాగానే "ఇంక నీ బతుకు నువ్వు బతుకు, పో" అని వెళ్ళగొట్టారు. మన సంఘంలోని ఎస్తేరవ్వ నన్ను తన ఇంట్లో పెట్టుకుంది, దేవుడామెను దీవించును గాక! కొట్టేవాడు లేడు, కడుపునిండా అన్నం, అయినా అక్కడికి కూడా వినిపించే ఆ సైరన్ మోగితే చాలు, నేను మంచం కిందికి దూరేదాన్ని. బయటపడ్డాక కూడా ఎందుకీ భయమో నాకే తెలియలేదు. చచ్చిపోదామని కాలువ గట్టుదాకా పోయి తిరిగొచ్చిన రోజులున్నాయి.

ఒక సాయంత్రం అవ్వ మనుమణ్ణి ఎత్తుకొని ఉండగా సైరన్ మోగింది. బిడ్డతో సహా మంచం కిందికి పోయి వాణ్ణి ఎంత గట్టిగా అదుముకున్నానంటే ఊపిరాడక వాడి ముఖం నల్లబడింది. అవ్వ కోడలు వాణ్ణి లాక్కొని, "అత్తా, దీనికి దయ్యం వట్టింది, ఇది ఇంట్ల ఉంటే నేనుండ!" అన్నది. ఆమె తప్పేమున్నది, కన్నతల్లి కదా. కానీ అక్కణ్ణించి పంపిస్తే నాకు ఆ కాలువే దిక్కు.

దయ్యాన్ని వెళ్ళగొట్టడానికి పాస్టరుగారు వచ్చారు, సంఘస్థులు చుట్టూ చేరి గొంతెత్తి ప్రార్థిస్తూ "వెళ్ళిపో, వెళ్ళిపో" అని గద్దించారు. ఆ కేకలకు నేను తలమీద చేతులు కప్పుకొని ముడుచుకుపోయి, "కొట్టకు బాపూ, అన్నం వేడి చేస్త" అన్నానట! పాస్టరుగారు ఆగిపోయారు. అందరినీ ఊరకుండమని, నా పక్కన కటిక నేలమీద కూర్చొని, మెల్లగా ఇలా ప్రార్థించారు: "ప్రభువా, గీ బిడ్డను ఎవరో మస్తు కొట్టిండ్రు. మేము దయ్యమన్నం, మమ్ముల మన్నించు. నువ్వు గూడ దెబ్బలు తిన్నోడివే, గీ బిడ్డకు తోడుండు." అంతవరకు నా దెబ్బలను దెబ్బలన్నవాళ్ళే లేరు. ఆ రోజు చెప్పుకొని చెప్పుకొని ఏడ్చాను. కోడలు కూడా ఏడ్చింది, పొమ్మని మళ్ళీ అనలేదు.

భయం ఆనాడే పోయిందని చెబితే దేవుని ముందు అబద్ధమవుతుంది. ఈనాటికీ ఆ వేళకు చేతులు వణుకుతాయి, కొన్ని రాత్రులు కేకలు పెట్టి లేస్తాను. కానీ రోజూ సైరన్ వేళకు అవ్వ పని వదిలేసి నా చెయ్యి పట్టుకొని ప్రార్థించేది. అలా ఎన్నో నెలలు గడిచాక ఒకనాడు కోడలు, ఆ వేళ అని తెలిసి కూడా, "జర పట్టుకో చెల్లే, నీళ్ళు తెస్త" అని బిడ్డను నా చేతుల్లో పెట్టి పోయింది. సైరన్ మోగింది. వణుకుతూనే నిలబడ్డాను, బిడ్డ నిద్ర కూడా లేవలేదు! దేవునికే మహిమ!

పరాయి ఇంట దెబ్బలు తిని పెరిగినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే సిగ్గుపడకండి, ఆయన దగ్గరికి వచ్చి చెప్పుకోండి. ఆయన మీమీద అరవడు.