మా సార్ గోటి మౌస్

మోత్కూరులో డీటీపీ సెంటర్ నడిపిన మా సార్ పోయిన మంగళవారం తెల్లవారేసరికి ప్రాణం విడిచారు. నాకు కంప్యూటరు నేర్పింది ఆయనే, పదేళ్లకు పైగా పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని పని ఇచ్చిందీ ఆయనే. ఆ పొద్దున నేను షట్టరు ఎత్తి దుకాణం ఊడుస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. సార్ భార్యను నేను అమ్మ అనే పిలుస్తాను. "బిడ్డా, సార్ లేస్తలేడే," అన్నది. జ్వరమేమో అనుకుని, "పండుకోనియ్యమ్మా, దుకాణం నేను చూసుకుంట," అన్నాను. అటువైపు నుంచి ఏడుపు వినిపించింది. అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆమె అంత కష్టంలో ఉంటే నేనిచ్చిన ఆ జవాబు గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుగా ఉంటుంది.

ఆయన చాలా గొప్పవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. అలా రాస్తే ఆయనే ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. పెళ్లికార్డుకి ఎవరైనా 'అంగరంగ వైభవంగా' అని రాసుకొస్తే, "ఇది తీసేస్తే తాత పేరుకు జాగా దొరుకుతది," అనేవారు. మాటలకంటే పేర్ల మీదే ఆయనకు ధ్యాస ఎక్కువ. పెళ్లికార్డులో చనిపోయిన పెద్దల పేరు ముందు కీర్తిశేషులు అని పెట్టాలి కదా. చాలామంది కాగితం మీద అది రాయరు, రాయడానికి చెయ్యి రాదు. మేము అలాగే టైపు చేసేస్తే బతికున్నట్టు అచ్చవుతుంది. అందుకని సార్ ప్రతి పేరు దగ్గరా ఆగి, "పెద్దాయన మంచిగున్నడా?" అని మెల్లగా అడిగేవారు. పోయాడా అని ఎన్నడూ అడగలేదు. వచ్చినవాళ్లు తల దించుకుంటే ఆయనే ఆ మాట పెట్టి, తర్వాతి పేరుకు వెళ్లేవారు.

మాది గొర్రెల ఇల్లు. ఇంటర్ అయిపోయాక రెండేళ్లు పత్తి ఏరడానికి పోయాను. ఎండాకాలం సెలవుల్లో ఆడపిల్లలకు కంప్యూటరు నేర్పుతారని తెలిసి సార్ దగ్గరికి వచ్చినదాన్ని అక్కడే ఉండిపోయాను. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది సంగతది. నీడలో కూర్చుని చేసే పని దొరికిందని మా అవ్వ ఊరంతా చెప్పుకుంది.

ఆ తర్వాత కొత్త జిల్లాలు వచ్చాయి. మా మండలం నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరికి మారింది. జనం సంతోషపడ్డారు గానీ డీటీపీ చేసేవాళ్లను ఎవరూ అడగలేదు. బడి గుర్తింపు కార్డులు, సంఘాల లెటర్‌హెడ్లు, దుకాణం బోర్డులు, రబ్బరు స్టాంపులు, అన్నిటిలోనూ జిల్లా పేరు మార్చాలి. 'నల్లగొండ' పట్టిన జాగాలో 'యాదాద్రి భువనగిరి' ఎట్లా పడుతుంది? ఒక్క పేరు కోసం పక్కనున్న గీతలు, ముద్రలు, ఫోన్ నంబర్లు అన్నీ జరపాల్సి వచ్చేది. నాలుగు నెలలు పొద్దున కూర్చుంటే పొద్దుమూకేదాకా మౌస్ పట్టుకుని జరపడమే పని. నా కుడి మణికట్టు పోయింది అప్పుడే.

మొదట జివ్వుమనేది. తర్వాత నీళ్ల బకెట్ పట్టుకోలేకపోయాను. అన్నం ముద్ద చేస్తే నోటిదాకా రాకముందే వేళ్లు విడిపోయేవి. భువనగిరి దవాఖానలో డాక్టరు చూసి, ఈ పని కొన్నాళ్లు మానెయ్యాలన్నాడు. నేను ఆ చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. ఈ పని పోతే మళ్లీ పత్తి చేనికే పోవాలి. ఆ చేత్తో పత్తి కూడా ఏరలేను. నాకున్న భయమంతా అదే.

సార్ చాయ్ తాగడానికి బయటికి పోయినప్పుడు మౌస్ ఎడమ చేతికి మార్చుకునేదాన్ని. ఆయన రాగానే కుడి చేతికి మార్చేదాన్ని. ఎన్నాళ్లు దాస్తాను? ఒకరోజు అడగనే అడిగారు.

"చెయ్యికేమాయె?"

"ఏం లేదు సార్."

"ఓ నెల రోజులు ఇంటికాడ ఉండు. నీ కుర్సీల ఎవర్ని కూసోవెట్ట."

"నన్ను తీసేయాలనుకుంటే తీసెయ్యుండ్రి సార్. గిట్ల చెప్పుడెందుకు?" అన్నాను.

నా నోరు అట్లాంటిది. ఒకరు జాలిపడితే నాకు ఒళ్లు మండుతుంది. సార్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, అచ్చుకు పోవాల్సిన కార్డు చదవడం మొదలుపెట్టారు.

తర్వాతి వారం ఆయన కుడి మణికట్టుకు పట్టీ కట్టుకుని వచ్చారు. గోధుమ రంగుది, దవాఖానలో ఇచ్చే సాగే పట్టీ. "ముప్పయేండ్ల సంది కొట్టిన చెయ్యి గదా, మొరాయించింది," అన్నారు. నాలుగు రోజులకు కొరియర్‌లో రెండు డబ్బాలు వచ్చాయి. తీగ లేని మౌస్‌లు. చూస్తే బోర్లించిన గిన్నెలా ఒకవైపుకు వాలి ఉన్నాయి, బొటనవేలు దగ్గర ఒక ఎర్రటి గుండు. దాని అసలు పేరు ట్రాక్‌బాల్. సార్ మాత్రం మొదటి రోజే గోటి అన్నారు. మా దిక్కున పిల్లలు ఆడుకునే గోలీని గోటి అంటాం. దుకాణానికి వచ్చే వాళ్లందరికీ అది గోటి మౌస్ అయిపోయింది.

"నాకొక్కనికి రాదు. నువ్వు నేర్సుకుని నాకు నేర్పాలె," అన్నారు. ఆ మాటతో నాకు పెద్దరికం వచ్చింది.

మొదటి రోజు ఇద్దరం దాన్ని బల్లంతా తోశాం. పాత మౌస్ నాకు రెండేళ్ల అలవాటు, ఆయనకైతే ముప్పైకి దగ్గర. తోస్తే ఏముంది, అది కూర్చున్న చోటనే కూర్చుంటుంది, బొటనవేలే గోటిని తిప్పాలి. తర్వాత ఇంకో తమాషా. నేను ఎంత తిప్పినా నా తెర మీద బాణం కదలదు, నేను తిప్పకుండానే అటూ ఇటూ పరుగెత్తుతుంది. సార్ కూడా తన దాన్ని తిట్టుకుంటున్నారు. అరగంట అయ్యాక తెలిసింది. కంప్యూటరుకు గుచ్చే చిన్న ముక్కలు ఒకరివి ఒకరికి పెట్టుకున్నాం. ఆయన గోటి నా తెరను నడుపుతోంది, నాది ఆయన తెరను. ఆయన కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. మా బాపు ఒకసారి దుకాణానికి వచ్చి ఆ గోటిని వంగి చూసి, "గొర్రె కన్ను లెక్కుంది," అన్నాడు. నాకు అప్పటినుంచి అది అట్లాగే కనిపిస్తుంది.

మూడో వారంలో నేను చేసిన తప్పు మాత్రం నవ్వే విషయం కాదు. పక్క ఊరి పెద్దమనిషి ఒకాయనకు షష్టిపూర్తి. ఫ్లెక్సీ చెయ్యాలి. అదే పూట ఇంకొకరి దశదిన కర్మ కార్డు కూడా తెర మీద పక్కనే తెరిచి ఉంది. ఆ కార్డులోంచి పూలదండ బొమ్మను పక్కకు జరుపుతుంటే బొటనవేలు గోటి మీద నుంచి తియ్యడం మరిచాను. నొక్కిన వేలు ఒకటి, తిరిగిన వేలు ఒకటి. దండ పోయి షష్టిపూర్తి ఫోటో మెడలో పడింది. పని తొందరలో నేను చూసుకోలేదు. సార్ ఆ పూట లేరు. ఫైలు భువనగిరి పోయి, అచ్చయి, ఆ ఊరి బస్టాండులో కట్టేశారు కూడా. బతికున్న మనిషికి దండ వేసి శుభాకాంక్షలు చెప్పాం.

ఆ పెద్దమనిషి అల్లుడు దుకాణం ముందు బండి ఆపి మీదికొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే సార్ లేచి నిలబడ్డారు. పట్టీ కట్టిన చెయ్యి ముందుకు చాపి, "తప్పు నాది బిడ్డా. గీ చెయ్యి కుదురుగ లేదు. పడుసుపిల్ల చేస్తే గిట్ల కాకపోవు," అన్నారు. అప్పటికప్పుడు బండి మీద ఆ ఊరికి పోయి, నిచ్చెన అడిగి తీసుకుని, ఫ్లెక్సీని తనే విప్పారు. ఆ పెద్దమనిషి చెట్టు కింద మంచంలో కూర్చుని, "నేను ఉండంగనే సాగనంపినవు గదా సారూ. పూలు జర ఎక్కువ పెట్టకపోయినవు," అన్నాడట. సార్ ఆయన కాళ్లకు దండం పెట్టి వచ్చారు. సాయంత్రానికి కొత్త ఫ్లెక్సీ కట్టించారు.

ఆ మరుసటి రోజు నేను పాత మౌస్ తీసి గుచ్చాను. సార్ వచ్చి తీగ పీకేశారు. "చెయ్యి కొత్తది నేర్సుకునేటప్పుడు తప్పు చేస్తది. చెయ్యనియ్యి. తుడిచేటోణ్ని నేనున్న గదా," అన్నారు. ఆయన నాతో గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే.

ఆరు నెలలకు నా చెయ్యి నాకు తిరిగి వచ్చింది. ముందు అన్నం ముద్ద నిలిచింది, తర్వాత బకెట్ లేచింది. ఇవాళ్టికీ నేను ఆ గోటితోనే పని చేస్తున్నాను. పత్తి చేనికి పోలేదు.

సార్‌కు మాత్రం గోటి సరిగ్గా అబ్బలేదు. మౌస్ పట్టుకుంటే మా చుట్టుపక్కల మండలాల్లో ఆయనంత వేగంగా కార్డు చేసేవాళ్లు లేరు. గోటి వచ్చాక మెల్లబడ్డారు. గీత కలపడానికి నాలుగుసార్లు తిప్పేవారు. సార్ ముసలోడయ్యాడు, కంటిచూపు తగ్గింది అని జనం నా ఎదుటే అనేవారు. తొందర పనులు నాకే ఇవ్వమనేవారు. ఆయన తల ఊపి కాగితం నా వైపు జరిపేవారు. "మళ్లీ మౌస్ పట్టుకోరాదుండ్రి సార్," అని నేనే చాలాసార్లు అన్నాను. "దాని మొఖం చూడబుద్ధి కాదు. ఇంట్ల గూడ తీసి పారేసిన," అనేవారు.

నేను ఆయన చేతిని పట్టించుకోని రోజు లేదు. గోటి చుట్టూ చేరిన నూగు తీసి తుడిచి ఇచ్చేదాన్ని. ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టించేదాన్ని. మా బాపు ఆముదం సీసాలో పంపితే, మణికట్టుకు రాసుకోమని వెంటపడేదాన్ని. రాసుకోకపోతే కేకలేసేదాన్ని. బుద్ధిగా పట్టీ విప్పి రాసుకునేవారు. "నీ వైద్యం మంచిగ పనిచేస్తది," అనేవారు.

పోయిన శుక్రవారం సార్ ఇంటికి వెళ్లాను. దశదిన కర్మ కార్డుకు ఆయన ఫోటో కావాలి. దుకాణంలో ఊళ్లో వాళ్లందరి ముఖాలూ ఉన్నాయి గానీ ఆయనది ఒక్కటీ లేదు. "లోపటి అర్రల కంప్యూటర్ల ఉంటది చూడు," అన్నది అమ్మ. ఇన్నేళ్లలో నేను ఆ గదిలోకి పోలేదు. ఆదివారాలు బడుల ప్రశ్నపత్రాలు ఆయన అక్కడే కూర్చుని చేసేవారు. కీబోర్డు మీద తువ్వాల కప్పి ఉంది. తీశాను. పక్కనే మౌస్ ఉంది, తీగతో ఉన్న మామూలు మౌస్. ఎడమ మీట రంగు పోయి తెల్లబడింది. కింద పరిచిన పలక మీద మణికట్టు ఆనే చోట గుంట పడింది.

"అమ్మా, సార్ ఇంట్ల ఏది వాడేది?" అని అడిగాను.

"గదే గద."

"మరి చెయ్యి నొప్పి?"

అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "ఆయనకు చెయ్యి నొప్పెక్కడిది బిడ్డా? పొద్దుగాల పొయ్యేటప్పుడు గా పట్టీ నాతోని కట్టిపిచ్చుకునేది. ఇంటికి రాంగనే ఇప్పి మేకుకు తగిలిచ్చేది. ఎందుకయ్యా గీ ఏషమంటే, 'ఆ పిల్ల తన కోసమంటే ఇనది, నా కోసమంటే నేర్సుకుంటది' అన్నడు."

నాకు ముందు కోపమే వచ్చింది. ఇన్నేళ్లు నొప్పి లేని చేతికి కాపడం పెట్టించాను, కేకలేశాను. ఆయన వేగం పోయిందని జనం అంటుంటే పక్కన కూర్చుని విన్నాను, లోపల ఒకింత గర్వపడ్డాను కూడా. ఆ వేగం ఎక్కడికీ పోలేదు. ఆదివారాలు ఈ గదిలో ఉండేది. సోమవారం నుంచి నా పక్కన మెల్లగా కూర్చునేవారు. నా కోసం ఇంకెవరూ అంత చెయ్యలేదు, ఇక చెయ్యరు. అమ్మ నీళ్లు తేవడానికి వంటింట్లోకి పోయింది. కుర్చీ లాక్కుని కూర్చుని ఏడ్చాను.

తర్వాత ఫోటో వెతకాలని ఆ మౌస్ మీద చెయ్యి వేశాను. తెర మీద బాణం కదల్లేదు. చెడిపోయిందేమో అనుకున్నాను. కిందికి చూస్తే నా బొటనవేలు, అక్కడ లేని గోటిని తిప్పుతూ ఉంది.