లాగి చూడాలి

వర్లండ్ ఊళ్ళో డెల్మా ప్రూయిట్ గ్యారేజీ నుంచి ఏ ట్రైలరూ నేరుగా రోడ్డెక్కదు. గేటు లోపల ఆగాలి. ట్రైలరు చక్రాలకు బ్రేకు వేసి ట్రక్కును ముందుకు లాగాలి. కదలకపోతే సరే. విడిపోతే పని మళ్ళీ మొదటికి.

"పట్టుకుందో లేదో నన్నడక్కండి. బండినడగండి" అంటుంది డెల్మా.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. పికప్పు ట్రక్కు వెనుక తొట్టిలో, ఇరుసుకు పైన, ఒక ఉక్కు పీఠం బిగిస్తుంది. దాన్ని ఫిఫ్త్ వీల్ అంటారు. ట్రైలరు ముక్కు కింద మణికట్టంత లావు పిన్ను ఉంటుంది. అది వచ్చి పీఠం దవడల మధ్య పడాలి. దవడలు మూసుకోవాలి. మళ్ళీ తెరుచుకోకుండా దవడల పిడికి చిన్న క్లిప్పు పెట్టాలి. ఆపైన చక్రాల మీది ఒక ఇల్లు, మంచాలతో పొయ్యితో పళ్ళేలతో సహా, ఆ పిన్నునే నమ్ముకుని కొండ ఎక్కుతుంది.

పన్నెండేళ్ళ కిందట, గాలి దుమారంగా ఉన్న ఒక మధ్యాహ్నం, ఒక కెనడా దంపతులకు ట్రైలరు తగిలించి పంపేసింది. వాళ్ళు తొందరలో ఉన్నారు. ఆమె ఆకలితో ఉంది. లాగి చూడలేదు. వాళ్ళు వెళ్ళాక నేల ఊడుస్తుంటే క్లిప్పు దొరికింది.

పెట్టెలో అలాంటివి రెండు వస్తాయి. ఒకటి పెట్టడానికి, రెండోది మొదటిది పోతే పెట్టుకోవడానికి. దొరికింది ఏదో ఆమెకు తెలియదు.

రోడ్డు కొండెక్కే టెన్‌స్లీప్ లోయ దాకా వెంటపడింది. కనబడలేదు. పేపర్లో ఏమీ రాలేదు. ఎవరూ ఫోన్ చేయలేదు. చెడ్డ కబురు వచ్చి ఉంటే ఏడ్చేది. మంచి కబురు వచ్చి ఉంటే నిద్రపోయేది. ఏదీ రాలేదు కనుక ఆ ఇద్దరూ ఇంకా ఆ కొండ ఎక్కుతూనే ఉన్నారు.

ఈ సెప్టెంబరులో అయోనా బెక్‌స్ట్రాండ్ వచ్చింది. డెబ్భై మూడేళ్ళు. మార్చిలో భర్త పోయాడు. ఆయన ట్రైలరును తానే లాక్కుంటూ కొండ అవతల, రాపిడ్ సిటీలో చెల్లెలి దగ్గరికి పోతానంది. కొత్త ట్రక్కు కొంది. డెల్మా రెండు రోజులు పనిచేసి పీఠం బిగించింది. బిగించిన ప్రతి బోల్టు మీదా గుర్తుగా పసుపు గీత గీసింది.

మూడో రోజు ఉదయం ట్రైలరు తగిలించారు. అయోనా ట్రైలరు బ్రేకు పట్టుకుని ట్రక్కును ముందుకు లాగింది. ట్రక్కు కదలలేదు.

"ఇంకోసారి" అంది డెల్మా.

కదలలేదు.

"ఇంకొక్కసారి, అమ్మగారూ."

నాలుగోసారికి అయోనా కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఓ అమ్మాయ్! పెళ్ళికి ముందు మా వారెన్‌నే ఇన్నిసార్లు లాగి చూడలేదే నేను!"

"చూడాల్సింది."

"చూస్తే చేసుకునేదాన్ని కాదులే. ఇక పోనా?"

డెల్మా కిటికీలోంచి చేయి చాచి ట్రక్కు తాళంచెవి తిప్పి, ఊడదీసి, జేబులో వేసుకుంది. అలా చేస్తానని ఆమె అనుకోలేదు. చేయి తనంతట తనే చేసింది. దవడలు మూసుకోవడం కళ్ళారా చూసింది. క్లిప్పు తానే పెట్టింది. కానీ పెట్టిన జ్ఞాపకం పన్నెండేళ్ళ కింద కూడా ఉంది.

అయోనా మెల్లగా దిగింది. కోప్పడలేదు.

"నీ భయం నా గురించి కాదు. ఎవరు వాళ్ళు?" అంది.

డెల్మా చెప్పింది. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఇంత చిన్న కథా, అనిపించింది.

అయ్యో పాపమని అయోనా అనలేదు. "టార్చి ఇటివ్వు. ఈసారి నువ్వు చూడకు. అదిగో, ఆ గోడ దగ్గర నిలబడు" అంది.

"మీకు తెలీదు, ఏది ఎలా ఉండాలో..."

"రెండ్రోజుల్నుంచీ నా చెవులు తినేశావుగా! తెలుసు. పో."

డెల్మా గోడ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడింది. వెనుక స్టూలు జరిగిన చప్పుడు. ముసలి మోకాళ్ళు పట్టేసి, అయోనా ఒక బూతు మాట అంది. టార్చి ఉక్కుకు తగిలి టంగుమంది.

"పిన్ను లోపలుంది. రెండు దవడలూ మూసుకున్నాయి. సందులోంచి వెలుతురు రావట్లా. క్లిప్పుంది. వేలుతో కదిపా, ఊడిరాలా."

"నిజంగా?"

"ఈ వయసులో నీకబద్ధం చెప్పి ఆ లోయలో పడాలనా నాకు?"

డెల్మా వెనక్కి తిరిగింది. వెళ్ళి చూడాలని కాళ్ళు లాగాయి. వెళ్ళలేదు. తాళంచెవి ఇచ్చింది.

"చేరగానే ఫోన్ చేయండి" అంది.

"చెయ్యను."

"అదేమిటి?"

"నేను చేస్తే, చెయ్యని ప్రతివాడి కోసమూ నువ్వు చెవి ఒగ్గుకు కూర్చుంటావు. నా చెల్లెలికి చేస్తా. అది నా మనిషి. నువ్వు నా మెకానిక్కువి."

ట్రైలరు గేటు దాటింది. చక్కెర ఫ్యాక్టరీ మలుపు దాకా కనబడింది. తర్వాత రోడ్డే మిగిలింది.

గంట తర్వాత డెల్మా మరో ట్రక్కు కింద పడుకుని ఉంది. లోపల ఫోను మోగింది. అయోనా ఆ లోయలోంచి కొండ ఎక్కే వేళ అది. చేతిలో రెంచి ఆగింది. తర్వాత మళ్ళీ తిరిగింది. బోల్టు బిగిసేదాకా ఆమె లేవలేదు. ఫోను చాలాసేపు మోగి, ఆగింది.

జేబులోంచి పసుపు రంగు పెన్ను తీసి గీత గీసింది. గీత వంకరగా వచ్చింది.