ఒక్కొక్కటే రమ్మన్న మా పెద్దక్క

మా పెద్దక్క వెలుగుకి క్యూ నేర్పింది. నమ్మరా? సూర్యుడే గనక ఆవిడ చేతికి చిక్కితే, "తోసుకోకండి, ఒక్కొక్కరే రండి" అని కిరణాలన్నిట్నీ వరసలో నిలబెట్టేది. పదో తరగతి గుమ్మంలోనే చదువుకి దండం పెట్టేసిన నాకే ఇదంతా అర్థమైందంటే, ఆవిడెంత బాగా చెప్పిందో, నేనెంత మేధావినో మీరే తేల్చుకోండి.

పని ఇదీ. క్వాంటమ్ డాట్ అని ఓ చుక్క. దాని పక్కన పెడితే ఆవగింజ కొండలా ఉంటుంది. దాన్ని గడ్డకట్టే చలిలో పెట్టి లేజర్‌తో ఒక్కసారి గిచ్చితే, ఒకే ఒక్క వెలుగు రేణువు ఊడిపడాలి. ఎవరూ దొంగచాటుగా వినలేని సందేశాలు పంపాలంటే అలాంటివే కావాలట. జంటగా పడ్డాయో, పరువు గోవిందా.

చిక్కల్లా లేజర్‌తోనే. గిచ్చేటప్పుడు దాని వెలుగూ కాస్త చింది, జంటలా లెక్కకొస్తుంది. చిందినదాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి.

అక్క పనిచేసే ల్యాబ్ గదిలో రెండు బల్లలు. రెండోది కొత్తగా చేరిన పిల్లది, అందరూ బుజ్జమ్మ అనేవారు. చుక్క ఒకటే. బుజ్జమ్మ కొలిస్తే నూటికి ఏడు పాళ్లు జంటలు. అక్క కొలిస్తే సున్నా.

"చుక్క మంచిదేనమ్మా, చెయ్యే మంచిది కాదు" అంది అక్క, వాళ్ల పెద్ద సార్ ముందే.

"అద్దాలు మళ్లీ తుడిచానక్కా."

"ఇంట్లో గిన్నెలు కూడా ఇలాగే తోముతావా?"

అందరూ నవ్వారు. క్యారేజీ ఇవ్వడానికెళ్లిన నేనూ గుమ్మంలో నిలబడి ఇకిలించాను. ఆ పిల్ల మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

అసలు సంగతేంటంటే, కొత్త ప్రోగ్రామ్ చిందిన వెలుగుని తనంతట తానే తీసేస్తుంది. మా అక్క ఏ ప్రోగ్రామ్‌నీ నమ్మే మనిషి కాదు. పాత అలవాటు కొద్దీ చేత్తో ఇంకోసారి తీసేసింది. కాటా మీద ఖాళీ బస్తా బరువు ఒకసారి తగ్గించాక మళ్లీ తగ్గిస్తే ఏమవుతుంది? సరుకే మాయం. అలా మాయమైన జంటలే ఆవిడ సున్నా.

బుజ్జమ్మని ఆ పనిలోంచి తప్పించాలని పెద్ద సార్ అందర్నీ పిలిచిన రోజున అక్క లేచింది.

"ఆ పిల్ల కొలతే సరైంది సార్. ప్రోగ్రామ్ తీసేసినదాన్ని నేనే రెండోసారి తీసేశాను."

సార్ కళ్లజోడు తుడుచుకుని లెక్కలు మళ్లీ తిరగేశాడట. బుజ్జమ్మ మాత్రం "పర్లేదక్కా" అనలేదు. తన కుర్చీ గోడవైపు తిప్పుకుంది. ఆ రోజు అక్క క్యారేజీ మూత తియ్యకుండానే ఇంటికొచ్చింది.

ఆదివారం చుట్టాలొస్తే నేనూరుకుంటానా? అరిచి చెప్పాను: "తప్పు కనిపించిన మరుక్షణం సింహంలా గర్జించింది పిన్నీ! కిటికీలు అదిరాయి! లేజర్ హడలిపోయి దానంతటదే ఆరిపోయింది!"

పిన్ని ముక్కున వేలేసుకుంది. బావ చప్పట్లు కొట్టబోయాడు. అక్క తలెత్తకుండా కంచంలోకే చూస్తూ అంది:

"గర్జించలేదురా. తప్పు నాకు ముందే తెలుసు. ఆ పిల్లని తీసేస్తారని తెలిసేదాకా నోరు మూసుకున్నాను."