గాడిదను అమ్మినచోట నవ్విన మనిషి

అది 2022. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో, మొదటి అంతస్తులో మా క్లినిక్. కింద మిఠాయి కొట్టు, పైన కోచింగ్ సెంటర్. ఇంత రొద మధ్య చెవులు పరీక్షించే చోటు ఎవరు పెట్టమన్నారని వచ్చినవాళ్లందరూ వేళాకోళం చేసేవారు. నేను ఆడియాలజిస్టుని. చెవిపోటుకూ చీముకూ మందిచ్చే డాక్టరు వేరు. మనిషికి ఎంత వినిపిస్తోందో కొలిచి, అవసరమైతే హియరింగ్ ఎయిడ్ అమర్చడం నా పని. మా వాళ్లది గుంటూరు వైపు, నేను పెరిగింది వనస్థలిపురంలో. ఇన్నేళ్లలో నన్ను అన్నిటికంటే విసిగించింది ఈ చెవుల చుట్టూ ఉండే సిగ్గు. కళ్లజోడు దర్జాగా పెట్టుకునేవాళ్లే చెవి మిషన్ అనగానే తలుపు వేసి ఉందా అని వెనక్కి చూస్తారు.

ఒక మధ్యాహ్నం కొత్తపేట నుంచి యాదగిరి, సుజాత అనే దంపతులు తొమ్మిదేళ్ల కూతురు అక్షితను తీసుకొచ్చారు. పోచంపల్లి దగ్గరి నేతపనివాళ్ల కుటుంబం. యాదగిరి పెళ్లికి ముందు చాలా ఏళ్లు మరమగ్గాల షెడ్డులో పనిచేసి, ఇప్పుడు ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా ఉన్నాడు. మాటలన్నీ సుజాతవే.

“దీనికి ఇనబడ్తలేదు మేడం. దుకాణం సెలవున్న నాడు అన్నం తిని ముగ్గురం కూసొని ఫోన్ల కథ ఇంటం. గా స్పీకరు సౌండు ఎంత పెడ్తదంటె, పక్కింటోళ్లు తలుపు కొడ్తున్రు. తగ్గియ్యవే అంటె నాకు ఇనబడ్తలేదు అంటది. చెవిటి మాలోకమా అని తిట్టిన గూడ.”

ఏం కథ అని అడిగాను. ఎప్పటిదో పాత పిల్లల కథ. ఎవరో చక్కగా చదివి ఆడియోబుక్‌గా పెట్టారట. ఒక గాడిద, దాని వీపెక్కి ఊరూరా తిరిగే కోతి. వారానికి కొంచెం కొంచెంగా వింటున్నారు. “మా ఆయన పిల్ల కంటె ఎక్కువ నవ్వుతడు” అంది సుజాత నవ్వుతూ. యాదగిరి ఆమె పెదాల వైపే చూస్తూ, ఆమె నవ్వాక తనూ నవ్వాడు. నేను పట్టించుకోలేదు.

అక్షితను సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, ఆడియోమెట్రీ మొదలుపెట్టాను. ఇందులో పెద్ద తిరకాసేమీ లేదు. బీప్‌మన్నప్పుడల్లా బటన్ నొక్కాలి, అంతే. పిల్ల నొక్కలేదు. సౌండు పెంచాను. అయినా నొక్కలేదు. అంత చెవుడున్న పిల్ల, ఇందాక నేను మామూలుగా పేరడిగితే ఎలా చెప్పింది? మైకులో గొంతు బాగా తగ్గించి, “నీ జడ రిబ్బన్ ఊడిపోతోంది” అన్నాను. చెయ్యి టక్కున జడ మీదికి పోయింది.

బడి ఎగ్గొట్టడానికి ఇలాంటి నాటకాలాడే పిల్లలను చూసి ఉన్నాను. ఆ చిరాకులో తలుపు తీసి, తల్లిదండ్రుల ముందే, “అబద్ధాలాడటం ఎక్కడ నేర్చుకున్నావు? నీ చెవులు నా చెవులకంటే బాగున్నాయి” అని కసిరాను. పిల్ల తల దించుకుంది. గొణిగినట్టు అంది.

“మిషన్ ఇస్తె నాన్నకిద్దామనుకున్న.”

యాదగిరి మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

“ఏమంటున్నది?”

నా గది బయట బెంచీల నిండా జనం. గట్టిగా చెబితే తప్ప ఆయనకు వినపడదు, గట్టిగా చెబితే అందరికీ వినపడుతుంది. “ఏం లేదు, ఇంటికి పోదాం పా” అంది సుజాత. “అరే, ఏమన్నది చెప్పు?” అని ఆయన మళ్లీ అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చెవుల పరీక్షకని చదువుకున్నదాన్ని, ఎదురుగా ఉన్న చెవిటి మనిషిని వదిలేసి పిల్లను దొంగను చేశాను.

ఆయన ఎదురుగా వెళ్లి, పెదాలు కనిపించేలా నిలబడి చెప్పాను. “మీరు లోపల కూర్చోండి. పాప మీతో ఏదో చెప్పాలంటోంది.”

“నాకెందుకు మేడం? నాకు మంచిగనే ఇనబడ్తది.”

అంటూనే కూర్చున్నాడు. ఆయనకు హెడ్‌ఫోన్లు పెట్టి, తలుపు మూసి, నా మైకు అక్షిత చేతికిచ్చాను. మధ్యలో అద్దం ఉంటుంది కాబట్టి తండ్రీ కూతురూ ఒకరికొకరు కనిపిస్తారు. నెమ్మదిగానే మాట్లాడమని చెప్పి, నేను సౌండు పెంచుతూ పోయాను. “నాన్నా, నాన్నా” అంటోంది పిల్ల. ఒకచోట ఆయన ముఖం మారింది. అక్కడ పెంచడం ఆపాను.

“నాన్నా, గాడిదను అమ్మినప్పుడు నువ్వు నవ్వినవ్. గది నవ్వే కాడ కాదు. అమ్మ మొకం కప్పుకొని ఏడుస్తుంటె, నవ్వుతున్నదనుకున్నవ్. గప్పుడు నాకు తెలిసింది. సౌండు నీ కోసమే పెడ్తున్న.”

“మొగోడు గదా, ఏడ్వలేక నవ్విండనుకున్న మేడం” అంది సుజాత నా పక్కన, నాకు మాత్రమే వినపడేలా.

యాదగిరి గొంతు నా స్పీకర్లో వినిపించింది.

“గాడిదను అమ్మిన్రా?”

నెలల తరబడి వాళ్ల పక్కనే కూర్చుని నవ్విన మనిషికి కథ తెలియదు.

ఆ రోజే ఆయనకూ పరీక్ష చేశాను. మగ్గాల మోతకు స, ష, త లాంటి సన్నటి శబ్దాలు వినే శక్తి పోయింది. ఇలాంటివాళ్లకు గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. దుకాణంలో ఎలా నెట్టుకొస్తున్నారని అడిగితే నేలకేసి చూస్తూ చెప్పాడు. “గంధం రంగు అంటరో, గులాబి అంటరో తెల్వది మేడం. చేత్తోని చూపియ్యున్రి అమ్మా అంట. షేఠ్‌కు తెలిస్తె నౌకరి పోతదని భయం. ఇంట్ల చెప్తె పిల్ల ముందట చిన్నగయిత అని...”

మిషన్ అమర్చాక ఒకసారి సర్దుబాటుకు ఒంటరిగా వచ్చాడు. జుట్టు చెవుల మీదికి పెంచాడు. అంతా బాగుందా అంటే, “దుకాణంల పెట్టుకుంటలేను మేడం. ఇంకా సిగ్గయితుంది. ఇంటికాడ పెట్టుకుంట. కథ మళ్ల మొదటి సంది ఇంటున్నం. గాడిదను అమ్మే కాడికి ఇంకా రాలే. పిల్ల కథ ఇంటలేదు, నా మొకం దిక్కే చూస్తది” అన్నాడు.

నేను పిల్లకు ఆ రోజే క్షమాపణ చెప్పాను. తను మాత్రం రిబ్బన్ నిజంగా ఊడిందా అని అడిగింది. లేదన్నాను. “అయితె మీరు గూడ అబద్ధం చెప్పిన్రు” అంది.

ఇప్పుడు ఎవరొచ్చినా బటన్ చేతికిచ్చే ముందు ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో అందరూ నవ్వాక నవ్వేదెవరు? చాలాసార్లు, పరీక్షకని వచ్చిన మనిషి ఆలోచిస్తుండగానే, తీసుకొచ్చిన మనిషి తల దించుకుంటాడు.