ముప్పై నాలుగో నంబరు వైపు ఎస్తేరక్క

నాచారంలో మా ఆఫీసు చేసే పని చెప్తే చుట్టాలు నమ్మరు. అమెరికాలో ఆదివారం జరిగిన ఫుట్‌బాల్ ఆటలను మేం సోమవారం పొద్దున ఆపి ఆపి చూసి, ప్రతి పరుగుకూ అంకెలు ఎక్కిస్తాం. అది కాలితో తన్నే ఆట కాదు. బంతిని చంకలో అదుముకుని, అడ్డొచ్చినవాళ్లను గుద్దుకుంటూ ముందుకు పోవాలి. అలా పోయేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు.

నా పక్క సీటు ఎస్తేరక్కది. ముప్పై ఎనిమిదేళ్లు, చిల్కానగర్‌లో ఇల్లు. జనగామ దగ్గర చదివే రోజుల్లో కబడ్డీ కూతకెళ్తే, ముగ్గురు పట్టుకున్నా గీత దాకా ఈడ్చుకొచ్చేదట. ఆ ధీమా ఇంకా పోలేదు. ఉప్పల్‌లో బస్సు ఎంత కిక్కిరిసి వచ్చినా ముందు తనెక్కి, తర్వాత నన్ను లోపలికి లాగుతుంది. రెండేళ్లుగా కాంట్రాక్టులోనే ఉంది. ఈ నెల పర్మనెంట్ చేస్తామన్నారు. టీమ్ లీడర్ హృషికేశ్ సంతకం ఒక్కటే మిగిలింది.

ఈ సీజన్లో పోటీ ఇద్దరి మధ్య. ఇరవై రెండో నంబరువాడు ఖాళీ చూసి జారిపోతాడు. ప్రకటనల్లోనూ వాడే, టీ షర్టుల మీదా వాడే. ముప్పై నాలుగో నంబరువాడు మొరటు మనిషి. రెండడుగులు వేసేలోపు ఇద్దరు మీద పడతారు, అయినా ఆగడు. ఎవరైనా మొదట తాకిన చోటు నుంచి ఇంకెన్ని గజాలు పోయాడో రాయడానికి ఈ సీజన్లోనే మాకో కొత్త గడి ఇచ్చారు. నాలుగు వారాలు ఆ గడిలోనూ ఇరవై రెండోవాడే ముందున్నాడు. ఐదో వారం ముప్పై నాలుగోవాడు అమాంతం దాటేశాడు.

హృషికేశ్ పరుగున వచ్చాడు.

"ఎస్తేర్ గారూ, ఈ అంకె ఏంటండీ? రెండింటికల్లా క్లయింటుకి పంపాలి. నాలుగు వారాలు లేనిది ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది? కాస్త తగ్గించి సర్దేయండి."

"సూసిందే రాసిన సార్. తగ్గియ్య."

"మరి మొన్నటిదాకా?"

నాకు సంగతి తెలుసు. శుక్రవారం ట్రైనింగులో, ఊరికే చెయ్యి తగిలినా తాకినట్టే లెక్క అని చెప్పినప్పుడు ఆమె ముఖం మాడిపోయింది. కబడ్డీ బుద్ధి మరి! మీద చెయ్యి పడితే ఆమెకు లెక్కే కాదు, గట్టిగా పట్టు దొరికితేనే లెక్క. నాలుగు వారాలూ పట్టు దొరికిన చోటు నుంచే కొలిచింది. ఖాళీలో పరుగెత్తేవాడికి దానివల్ల పోయిందేమీ లేదు. అన్ని చేతులూ తోసుకుంటూ పోయినవాడి కష్టమే గల్లంతైంది.

నేను బల్ల కింద ఆమె కాలు తొక్కాను, నోరు మూసుకోమని. రేపోమాపో కాగితం చేతికొస్తుంది, ఎవడికి కావాలి ఆ గజాలు? నా పిరికితనం అలాంటిది.

అక్క కాలు వెనక్కి తీసుకుంది.

"ఈ వారం తప్పు లేదు సార్. ముందటి నాలుగు వారాలే తప్పు. నేనే జేసిన." ఎలా జరిగిందో దాచకుండా చెప్పింది.

హృషికేశ్ గొంతు తగ్గించాడు. "ఇది పైకి తెలిస్తే మీ పర్మనెంట్ ఏమవుతుందో ఆలోచించారా? ఈ ఒక్క అంకె మారిస్తే గొడవే ఉండదు కదండీ!"

అక్క కుర్చీలోంచి లేచింది.

"నాలుగు వారాలు తప్పు రాస్తే ఒక్కపారి అడగలే మీరు. అందరనుకునేటోడే ముందట ఉన్నడని ఊకున్నరు. గిప్పుడు సరిగ్గ రాస్తే ఉరికొచ్చిన్రు! ఆ పిలగాడు ఎవడో నాకు తెల్వది సార్. పేరు గూడ నోరు తిరగది. గని మీద ఎంతమంది పడ్డరో నేను సూసిన. సూసినంక తక్కువ రాయ. మీ కాగితం మీ దగ్గర్నే ఉంచుకోన్రి."

తన చేత్తో మార్చే ధైర్యం లేక హృషికేశ్ రెండింటికి రిపోర్టు ఆ అంకెతోనే పంపాడు. వెనకటి నాలుగు వారాలూ దిద్ది పంపుతామని, తప్పు తనదేనని కింద అక్క పేరుతో ఒక ముక్క కూడా పోయింది. పర్మనెంట్ కాగితం హృషికేశ్ సొరుగులోకి వెళ్లింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

"రెండు వందల పరుగులు మళ్లీ ఎవరు చూస్తారండీ?" అన్నాడు హృషికేశ్ ఆ రోజు పోతూ పోతూ.

"నేనే" అంది అక్క. అప్పటికే మొదటి వారం ఆట తెర మీద పెట్టేసింది.

నాకు సిగ్గేసింది. కుర్చీ ఆమె పక్కకు లాక్కున్నాను. తెర మీద ముప్పై నాలుగోవాడు బంతి అందుకున్నాడు. ఎవడిదో చెయ్యి వాడి భుజానికి తగిలింది. అక్క టక్కున ఆపింది.

"గీడ తాకింది. రాస్కో, భాగ్యా."

రాశాను. వాడు ఇంకా ఏడు గజాలు పోయాడు.