అత్త కుట్టిన దిండు

ఏడో నెల వచ్చేసరికి నాకు ఏ పక్కకు తిరిగినా నిద్ర పట్టేది కాదు. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోమంది డాక్టరమ్మ. మర్నాడే మా అత్త పొడవాటి దిండొకటి కుట్టి తెచ్చింది. సూరత్‌లో మేముండే అమ్రోలిలో ఇంటింటా చీరలకు లేసు కుట్టే పనే కాబట్టి, దిండులో కూరడానికి కత్తిరింపు ముక్కలకు కొదవ లేదు. అయినా అంతవరకు గ్లాసెడు మంచినీళ్లయినా అందించని మనిషికి నా నిద్ర మీద ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి వచ్చింది?

పైగా పూటపూటకూ ఒకటే ఆరా. "ఏ పక్కకు పండుకున్నవ్? మెత్త పెట్టుకున్నవా?"

మగపిల్లాడి కోసం ఆ దిండులో తాయెత్తేదో పెట్టిందని నాకు గట్టి అనుమానం. ఒళ్లు మండి, కావాలనే కుడి పక్కకు పడుకునేదాన్ని. ఒకరోజు ఆమె చీరల మూట అప్పగించడానికి వెళ్లగానే, కుట్టు విప్పి లోపలిదంతా మంచం మీద కుప్ప పోశాను. చీర ముక్కలు తప్ప ఏమీ లేవు. గబగబా కూరి, మళ్లీ కుట్టేశాను.

సాయంత్రం ఆమె దిండు అంచు తడిమి చూసింది. నా వంకర కుట్టు ఆమెకు తెలియనిది కాదు.

"ఏమన్న దొరికిందా?"

నేను మంచం మీద మిగిలిన దారప్పోగులు ఏరసాగాను.

"మా అత్త ఇచ్చిన మెత్తను నేను గూడ గిట్లనే ఇప్పి చూసిన, బిడ్డా."

"అందులో ఏముంది అత్తమ్మా?"

"జర ఎడమకు తిరుగు," అంటూ దిండు నా మోకాళ్ల మధ్య సర్ది వెళ్లిపోయింది. ఏముందో ఈ రోజుకీ చెప్పలేదు.